బ్యాటరీ డ్రైవర్ రాస్తూ బ్యాటరీకి హాని చేయగలమా? ఏఆర్‌ఎం లాప్‌టాప్, లినక్స్

కందుకూరు_కుర్రవాడు | ఒంగోలు

అందరికీ నమస్కారం. ఒంగోలులో ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. మా మేనమామ వాడి పక్కన పెట్టిన లాప్‌టాప్ ఒకటి నా చేతికి వచ్చింది. ఏఆర్‌ఎం ప్రాసెసర్, మూడు సెల్స్ బ్యాటరీ. కంపెనీ ఇచ్చిన పాత వ్యవస్థ తీసేసి లినక్స్ ఎక్కించాను. తెర, వైఫై, కీబోర్డు అన్నీ పని చేస్తున్నాయి. బ్యాటరీ ఎంత మిగిలిందో మాత్రం చూపదు. రాత్రిపూట కరెంటు పోయినప్పుడు చదువుకుంటూ ఉండగానే ఒక్కసారిగా ఆగిపోతోంది.

ఐటూసీ బస్సు (బోర్డు మీది చిప్‌లు మాట్లాడుకునే రెండు తీగల దారి) మీద వెతికితే 11వ చిరునామాలో ఒకటి, 9వ చిరునామాలో మరొకటి పలికాయి (దశాంశ అంకెల్లో చెబుతున్నాను). స్మార్ట్ బ్యాటరీ ప్రమాణం చదివితే మొదటిది బ్యాటరీ, రెండోది ఛార్జర్ అని అర్థమైంది. ఈ రెండింటినీ డివైస్ ట్రీలో (ఏ చిప్ ఎక్కడుందో లినక్స్‌కు చెప్పే ఫైలు) చేర్చి, అవసరమైతే డ్రైవర్ (చిప్‌తో మాట్లాడే ప్రోగ్రాం) కూడా రాయాలని ఉంది.

అమ్మా నేనూ ఉండేది ఒకే గది అద్దె ఇల్లు. బల్ల, మంచం, వంటగట్టు అన్నీ అందులోనే. రాత్రి లాప్‌టాప్ ఛార్జింగ్‌లో పెట్టి పడుకుంటాం. నేను రాసే తప్పు అంకె వల్ల బ్యాటరీ అంటుకునే అవకాశం నిజంగా ఉందా? ఉంటే చిప్‌లోని ఏ రిజిస్టర్ల (అంకెలు ఉండే గూళ్ల) జోలికి వెళ్లకూడదు? తెలిసినవారు చెప్పండి.

చీమకుర్తి_రాయి | చీమకుర్తి

ఏమీ కాదు, ధైర్యంగా మొదలు పెట్టండి. ప్యాక్ లోపల రక్షణ సర్క్యూట్ ఉంటుంది. ఎక్కువ ఛార్జ్ అయినా, మరీ తగ్గినా, షార్ట్ అయినా అదే తెంపేస్తుంది. సాఫ్ట్‌వేర్ తప్పు చేస్తే అంటుకునేలా బ్యాటరీని ఏ కంపెనీ తయారు చేయదు. పైగా బ్యాటరీ డ్రైవర్ అంటే అంకెలు చదివి చూపించేదే కదా.

మాగుంట_మాడ్యూల్ | నెల్లూరు

రాయి గారు చెప్పినదాంట్లో సగం నిజం. మిగతా సగం తెలియకుండా ఈ పిల్లవాడిని ముందుకు తోయకూడదు. నేను ఛార్జర్ చిప్‌లకు ఫర్మ్‌వేర్ రాసే పనిలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

తమ్ముడూ, ప్యాక్ లోపల గేజ్ చిప్ ఒకటి ఉంటుంది. సెల్స్ వోల్టేజి, కరెంటు, ఉష్ణోగ్రత కొలిచి, హద్దు దాటితే మాస్‌ఫెట్ స్విచ్‌లను ఆపి సెల్స్‌కు బయటితో సంబంధం లేకుండా చేస్తుంది. దాని పక్కనే ఇంకో చిన్న చిప్ ఉంటుంది. అది గేజ్‌ను నమ్మదు. సెల్ వోల్టేజి మరీ పెరిగితే ఫ్యూజును కాల్చేస్తుంది. ఒకసారి కాలితే ఆ ప్యాక్ ఇక పని చేయదు. మామూలుగా ఈ రెండూ నీ డ్రైవర్ మాట వినవు. ఇంటెల్, డ్యూరాసెల్ కలిసి 1995లో స్మార్ట్ బ్యాటరీ ప్రమాణం తెచ్చినప్పుడు కూడా ఇదే ఉద్దేశం. తనకు ఎంత వోల్టేజి, ఎంత కరెంటు కావాలో బ్యాటరీయే ఛార్జర్‌కు చెబుతుంది. ప్రాసెసర్ మధ్యలో లేకపోయినా పని జరిగిపోతుంది. రాయి గారి మాట ఇంతవరకు నిజం.

నా భయమంతా నువ్వు చెప్పిన ఆ 9వ చిరునామా గురించి. ఏఆర్‌ఎం యంత్రాల్లో అక్కడ తరచుగా ఉండేది బీక్యూ24735 లాంటి చిప్. దానికి కెర్నల్‌లో (లినక్స్ అసలు గుండెకాయలో) డ్రైవర్ ఎప్పటి నుంచో ఉంది. ఛార్జింగ్ వోల్టేజి, కరెంటు ఎంతో ఆ డ్రైవర్ డివైస్ ట్రీ నుంచి తీసుకోగలదు. ఆ చిప్ దాదాపు 1 వోల్టు నుంచి 19.2 వోల్టుల దాకా ఏ అంకె ఇచ్చినా పుచ్చుకుంటుంది. నీ ప్యాక్‌లో ఎన్ని సెల్స్ ఉన్నాయో దానికి తెలియదు. మామూలు సెల్ నిండినప్పుడు 4.2 వోల్టులు, మూడు వరుసగా ఉంటే 12.6. నాలుగు సెల్స్ ఉన్న వేరే యంత్రం డివైస్ ట్రీ నకలు చేసుకున్నావనుకో, అందులో 16.8 ఉంటుంది. అంటే ఒక్కో సెల్ మీద 5.6 వోల్టుల ఒత్తిడి. అప్పుడు నిన్ను కాపాడవలసింది ప్యాక్ లోపలి రక్షణ ఒక్కటే. అది ఉందో లేదో, పని చేస్తోందో లేదో నువ్వు చూడలేదు.

అందుకని ముందుగా ఒక పని చేయి. ఆ ఛార్జర్‌ను బయటి నుంచి వేరే చిప్ నడుపుతోందని డ్రైవర్‌కు చెప్పే గుణం ఒకటి డివైస్ ట్రీలో రాయవచ్చు. అది ఉంటే డ్రైవర్ వోల్టేజి, కరెంటు రాయదు, ఛార్జింగ్‌ను ఆన్ ఆఫ్ చేయదు. లినక్స్ ఎక్కించాక కూడా నీ లాప్‌టాప్ ఛార్జ్ అవుతూనే ఉందంటే ఎంబెడెడ్ కంట్రోలర్ (బోర్డు మీద ఉండే వేరే చిన్న చిప్) ఆ పని చూసుకుంటోందన్న మాట. దాన్ని అలాగే వదిలేయి. వోల్టేజి, కరెంటు గుణాలు అసలు రాయకు.

ఇంకో మాట. ఆ ఛార్జర్‌లో కాపలా గడియారం ఉంటుంది. మామూలుగా 175 సెకన్లపాటు వోల్టేజి ఆదేశం గానీ కరెంటు ఆదేశం గానీ అందకపోతే ఛార్జింగ్ తనంతట తానే ఆగిపోతుంది. "ఛార్జింగ్ మధ్యలో ఆగిపోతోంది" అని దాన్ని ఆపేసే సలహాలు నెట్‌లో కనిపిస్తాయి. ఎవరూ పట్టించుకోకపోతే ఛార్జింగ్ ఆగాలనే ఆ గడియారం పెట్టారు. దాన్ని ఎప్పుడూ ఆపకు.

చీమకుర్తి_రాయి | చీమకుర్తి

ఛార్జర్ విషయం మీరు చెప్పాక ఒప్పుకుంటున్నాను మేడమ్. కనీసం చదవడం వల్లనైనా ఏ హానీ ఉండదు కదా? కుర్రవాడు ఎలాగూ బస్సు వెతికాడు, ఏమీ కాలేదు.

మాగుంట_మాడ్యూల్ | నెల్లూరు

ఐటూసీలో చదవడానికీ రాయడానికీ మధ్య గీత అంత స్పష్టంగా ఉండదండీ. ఐబీఎం థింక్‌ప్యాడ్‌లలో 24ఆర్‌ఎఫ్08 అనే ఈఈప్రామ్ (కరెంటు పోయినా సమాచారం దాచుకునే చిప్) ఉండేది. సెన్సర్లు ఎక్కడున్నాయో వెతకడానికి పంపే ఒక రకం చిన్న సంకేతంతో దాని లోపలి సమాచారం చెడిపోయి, కొన్ని యంత్రాలు ఇక మొదలు కాలేదు. రాసినవారి ఉద్దేశం వెతకడమే. ఇప్పటికీ ఆ వెతికే సాధనం కొన్ని చిరునామాల దగ్గర వేరే పద్ధతిలో పలకరించడానికి కారణం అదే. బస్సు గందరగోళమై సమాచారం పోవచ్చని మొదలుపెట్టే ముందు హెచ్చరిస్తుంది కూడా.

2013లో కొన్ని శామ్‌సంగ్ లాప్‌టాప్‌లలో యూఈఎఫ్‌ఐ (బయోస్ బదులు వచ్చిన కొత్త వ్యవస్థ) పద్ధతిలో లినక్స్ మొదలుపెడితే మదర్‌బోర్డు పనికిరాకుండా పోయింది. మొదట వేలు చూపించింది లాప్‌టాప్ ప్రత్యేక సదుపాయాల కోసం రాసిన డ్రైవర్‌నే. 2017 డిసెంబరులో ఉబుంటు 17.10 డౌన్‌లోడ్‌ను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. బయోస్ ఉండే చిప్‌ను అందుకునే ఇంటెల్ ఎస్‌పీఐ డ్రైవర్ వల్ల కొన్ని లెనోవో యంత్రాల బయోస్ చెడిపోయింది. ఇవేవీ బ్యాటరీ డ్రైవర్లు కావు, వీటిలో మంటలూ లేవు. కానీ హార్డ్‌వేర్ తనను తాను కాపాడుకుంటుందిలే అన్న ధీమా ఎక్కడికి తీసుకెళుతుందో ఇవి చూపిస్తాయి.

కుర్రవాడా, 11వ చిరునామా తెలిసింది కాబట్టి ఇక బస్సంతా వెతకకు. ఆ ఒక్క చిరునామానే పలకరించు.

ట్రంకురోడ్డు_రిపేరు | నెల్లూరు

నాకు డ్రైవర్లు రాయడం రాదు. ట్రంకు రోడ్డులో లాప్‌టాప్‌లు బాగు చేస్తాను. మేడమ్ "ప్యాక్ లోపలి రక్షణ ఉందో లేదో చూడలేదు" అన్నారు చూడండి, అక్కడి నుంచి నేను చెబుతాను.

అసలు కంపెనీ ప్యాక్ విప్పితే సన్నని పచ్చబోర్డు మీద గేజ్ చిప్, రెండు మాస్‌ఫెట్‌లు, రెండో రక్షణ చిప్, సెల్స్ నుంచి వచ్చే లావు దారిలో మూడు కాళ్ల ఫ్యూజు కనిపిస్తాయి. రెండు సెల్స్ మధ్య సందులో, టేపు కింద, నల్ల పూస లాంటి థర్మిస్టర్ సెల్‌కు ఆనుకుని ఉంటుంది. వేడిని కొలిచేది అదే.

సగం ధరకు దొరికే నకిలీ ప్యాక్ విప్పితే ఆ మూడు కాళ్ల ఫ్యూజు ఉండవలసిన చోట తగరం ముద్ద ఉంటుంది. రెండో రక్షణ చిప్ చోటు ఖాళీ. థర్మిస్టర్ తీసేసి దాని బదులు 10 కిలోఓముల మామూలు రెసిస్టర్ అతికించిన ప్యాక్‌లు నా బల్ల మీదికి తరచుగా వస్తాయి. చాలా థర్మిస్టర్లు 25 డిగ్రీల దగ్గర 10 కిలోఓములే చూపిస్తాయి కాబట్టి, గేజ్ చిప్‌కు ఆ ప్యాక్ ఎప్పుడూ 25 డిగ్రీల దగ్గర చల్లగా ఉన్నట్టే కనబడుతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం మూడింటికి కూడా 25 డిగ్రీలే! దాని మాట నమ్మి ఛార్జర్ పూర్తి కరెంటు తోస్తూనే ఉంటుంది.

తమ్ముడూ, మీ మామయ్య బ్యాటరీ ఎప్పుడైనా మార్పించాడేమో ముందు అడుగు.

కందుకూరు_కుర్రవాడు | ఒంగోలు

అందరికీ ధన్యవాదాలు. మామయ్యను అడిగాను. రెండేళ్ల కిందట ఒక దుకాణంలో మార్పించాడట. అసలుదో కాదో ఆయనకు తెలియదు.

ఛార్జర్ జోలికి పోకుండా 11వ చిరునామా మాత్రమే చదివాను. ప్లగ్ తీసేసి, బ్యాటరీ మీద నడుస్తుండగా వచ్చినవి ఇవి.

వోల్టేజి 11412
కరెంటు 64336
ఉష్ణోగ్రత 2982

మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా మళ్లీ మళ్లీ చదివాను. వోల్టేజి కదులుతోంది, కరెంటు కదులుతోంది. ఉష్ణోగ్రత మాత్రం 2982 దగ్గరే ఉంది. లాప్‌టాప్ అడుగుభాగం చేతికి వేడిగా తగులుతోంది. కరెంటు 64336 అంటే 64 ఆంపియర్లా? అది అసాధ్యం కదా.

మాగుంట_మాడ్యూల్ | నెల్లూరు

కరెంటు సంగతి తేలిక. అది ప్లస్, మైనస్ గుర్తుతో కూడిన 16 బిట్ల సంఖ్య. 65536 లోంచి 64336 తీసేస్తే 1200. బ్యాటరీ నుంచి బయటికి పోతోంది కాబట్టి రుణ సంఖ్య, మైనస్ 1200 మిల్లీఆంపియర్లు. గుర్తు లేని సంఖ్యగా చదివితే 64 ఆంపియర్లు అవుతుంది. చూపించడం వరకైతే ఇది నవ్వి వదిలేసే తప్పు. కానీ ఈ అంకెను చూసి ఛార్జింగ్ ఆపాలా సాగించాలా అని నిర్ణయించే కార్యక్రమం పైన ఉందనుకో, దానికి డిస్‌ఛార్జ్ కాస్తా భారీ ఛార్జింగ్‌లా కనిపిస్తుంది. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ తన అంకెలను ఫైళ్లుగా చూపే చోటు) కెర్నల్ మైక్రోఆంపియర్లు అడుగుతుంది. వేయితో గుణించడం మరిచిపోకు.

వోల్టేజి మిల్లీవోల్టుల్లో ఉంది, అంటే 11.4 వోల్టులు, మూడు సెల్స్‌కు పంచితే ఒక్కోదానికి 3.8. బాగానే ఉంది.

ఉష్ణోగ్రత కెల్విన్‌లో పదో వంతుల లెక్క. 298.2 కెల్విన్, అంటే 25 డిగ్రీలు. గది వేడెక్కినా, చేతికి వేడి తగిలినా, సాయంత్రం దాకా ఆ ఒక్క అంకె దగ్గరే ఉంది. రిపేరు అన్న చెప్పిన రెసిస్టర్ ఇదేనని నా అనుమానం. ఈ ప్యాక్‌తో ప్రయోగాలు ఆపేయి. రాత్రి ఛార్జింగ్ ఈ రోజే మానేయి.

రసాయనం_మాస్టారు | కావలి

కావలిలో డిగ్రీ కళాశాలలో రసాయన శాస్త్రం చెబుతాను. ఉష్ణోగ్రత అంకె ఒక్కటి తప్పయితే ఇంత కంగారు ఎందుకని ఎవరికైనా అనిపిస్తే, వారి కోసం రాస్తున్నాను.

లిథియం అయాన్ సెల్‌ను సాధారణంగా 0 నుంచి 45 డిగ్రీల మధ్య ఛార్జ్ చేయాలని తయారీదారులు చెబుతారు. సున్నా కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేస్తే లిథియం గ్రాఫైట్ లోపలికి పోకుండా పైన లోహంగా పేరుకుంటుంది. అది మన జిల్లా సమస్య కాదు. మన సమస్య పై హద్దు. మే నెలలో నెల్లూరులో, ఒంగోలులో బయటి గాలే 45 డిగ్రీలకు దగ్గర పడే రోజులుంటాయి. రేకుల కప్పు గదిలో, మూసిన లాప్‌టాప్ లోపల, ప్రాసెసర్ పక్కన ఉన్న సెల్ ఆ హద్దు దాటడానికి పెద్దగా కష్టపడనక్కర్లేదు. ఆ వేడిలో, పైగా పూర్తిగా నిండిన స్థితిలో, సెల్ లోపల విద్యుద్విశ్లేష్య ద్రావణం విచ్ఛిన్నమై వాయువులు పుడతాయి. ఉబ్బు అంటే అదే. ఇంకా పైకి వెళ్లి 130 డిగ్రీల ప్రాంతానికి చేరితే ధన, రుణ ధ్రువాలను వేరు చేసే పాలిథిలీన్ పొర కరుగుతుంది. ఆ తర్వాత మొదలయ్యే వేడిని స్విచ్ ఆపలేదు, ఫ్యూజు ఆపలేదు, ఎందుకంటే అది సెల్ లోపలే పుడుతోంది.

పూర్తిగా అడుగంటిన ప్యాక్‌ను బతికించాలనే వారికి కూడా ఒక మాట. సెల్ చాలా కిందికి పడిపోయి అలాగే ఉండిపోతే రుణ ధ్రువం వెనక ఉన్న రాగి రేకు కరిగి ద్రావణంలో కలుస్తుంది. మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి తిరిగి పేరుకుని లోపలే షార్ట్ చేయవచ్చు. గేజ్ అటువంటి ప్యాక్‌ను ఛార్జ్ చేయనివ్వకపోతే అది చెడిపోయి మొండికేయడం కాదు, తన పని తాను చేయడం.

2006 ఆగస్టులో డెల్ కంపెనీ సోనీ సెల్స్ ఉన్న 41 లక్షల లాప్‌టాప్ బ్యాటరీలను వెనక్కి పిలిచింది. తయారీలో సెల్స్ లోపల చేరిన సూక్ష్మమైన లోహపు రేణువులు అందుకు కారణం. అంత పెద్ద కంపెనీల అసలు సెల్స్‌లోనే ఆ లోపం వచ్చింది. తగరం ముద్ద పెట్టిన ప్యాక్‌లో సెల్స్ ఎవరు తయారు చేశారో ఎవరికి తెలుసు?

కోవూరు_కోడ్ | కోవూరు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. గేజ్ చిప్‌ను తాళం తీసి, సైకిళ్ల లెక్క (ఎన్నిసార్లు ఛార్జ్ అయి ఖాళీ అయిందన్న లెక్క) సున్నా చేసి, పాత సామర్థ్యం అంకె మార్చే పద్ధతి ఒక వీడియోలో చూశాను. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్‌లకు తాళం అంకెలు కూడా చెప్పారు. కుర్రవాడు అది చేస్తే పాత ప్యాక్ కొత్తదిలా అవుతుంది కదా? ఆ అంకెలు కింద ఇస్తున్నాను.

[తాళం అంకెలను నిర్వాహకులు తొలగించారు]

నిర్వాహకుడు

కోవూరు_కోడ్ గారూ, మీ ఉద్దేశం మంచిదే. కానీ ఈ వేదికలో చదివేవారిలో స్కూలు పిల్లలు కూడా ఉన్నారు. రక్షణ హద్దులు మార్చే తాళం అంకెలు ఇక్కడ పెట్టవద్దు. చర్చ కొనసాగించండి.

మాగుంట_మాడ్యూల్ | నెల్లూరు

నిర్వాహకులకు ధన్యవాదాలు. 2011లో చార్లీ మిల్లర్ అనే భద్రతా పరిశోధకుడు ఆపిల్ లాప్‌టాప్ బ్యాటరీల గేజ్ చిప్‌లలో ఫ్యాక్టరీ తాళం అంకెలు మార్చకుండా వదిలేశారని కనిపెట్టాడు. ఆ దారిలో లోపలికి వెళ్లి ప్రయోగాలు చేస్తూ ఏడు బ్యాటరీలను పనికిరాకుండా చేసుకున్నాడు. ఆయన ఏం చేస్తున్నాడో ఎరిగి చేసిన మనిషి.

సైకిళ్ల లెక్క సున్నా చేసినంత మాత్రాన సెల్ వయసు తగ్గదు. గేజ్ తన లెక్కలో ఈ సెల్ అంతర్నిరోధం ఇంత, నిజంగా పట్టేది ఇంత అని అనుభవంతో నేర్చుకుంటుంది. ఆ నేర్చుకున్నది చెరిపేస్తే అరిగిపోయిన సెల్‌ను కొత్తదని నమ్మే గేజ్ మిగులుతుంది. డ్రైవర్ రాసేవారికి నా మాట ఒక్కటే. తయారీదారు రిజిస్టర్‌లోకి, అంటే 0వ ఆదేశంలోకి, ఏదీ రాయవద్దు.

ట్రంకురోడ్డు_రిపేరు | నెల్లూరు

శాశ్వత వైఫల్యం గుర్తు (ఇక పనికిరాదని గేజ్ తానే వేసే గుర్తు) పడిన ప్యాక్‌లు తెచ్చి "అన్నా, ఆ గుర్తు చెరిపేసి ఇవ్వు, కొత్తది కొనే స్తోమత లేదు" అని అడిగేవారు చాలామంది. స్తోమత లేదన్న మాట వింటే మనసు కష్టంగానే ఉంటుంది. అయినా చేయను. ఆ గుర్తు ఎందుకు పడిందో నాకు తెలియదు. ఏ సెల్‌లో ఏం జరిగి పడిందో తెలియని ప్యాక్‌ను ఒకరి ఇంటికి, పిల్లలున్న గదిలోకి, నా చేత్తో పంపించలేను.

తమ్ముడూ, ఆదివారం నెల్లూరు రాగలిగితే ప్యాక్ తీసుకుని దుకాణానికి రా. నీ ముందే విప్పి చూపిస్తాను. బస్సులో తెచ్చేటప్పుడు ఛార్జ్ సగానికి తక్కువ ఉండేలా చూసుకో, కాంటాక్టుల మీద టేపు అతికించు. ఉబ్బి ఉంటే మాత్రం అసలు తేవద్దు, నాకు ఫొటో పంపు.

మైపాడు_గాలి | ఇందుకూరుపేట

మాకు రొయ్యల చెరువులున్నాయి. ఏరియేటర్ల లెక్కలు, నీటి లెక్కలు చూసుకోవడానికి చెరువు గట్టు మీద షెడ్డులో లాప్‌టాప్ ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంటుంది. అది మామూలు ఇంటెల్ యంత్రం, లినక్స్. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆగేలా పెట్టుకోవచ్చని విన్నాను. అది డ్రైవర్ పనేనా? ఈ ఉప్పుగాలిలో అది మంచిదేనా?

మాగుంట_మాడ్యూల్ | నెల్లూరు

మంచిదే, తప్పక పెట్టుకోండి. మాస్టారు చెప్పినట్టు వేడిలో నిండుగా ఉండటమే సెల్‌కు ఎక్కువ చేటు. మీ కంపెనీ యంత్రానికి డ్రైవర్ మద్దతు ఉంటే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఛార్జ్ మొదలయ్యే శాతం, ఆగే శాతం అని రెండు ఫైళ్లు కనిపిస్తాయి. డ్రైవర్ ఆ అంకెను ఎంబెడెడ్ కంట్రోలర్‌కు అందిస్తుంది, అమలు చేసేది కంట్రోలరే. కాబట్టి లినక్స్ ఆగిపోయినా హద్దు చాలా యంత్రాల్లో అలాగే ఉంటుంది. ఆ ఫైళ్లు లేకపోతే మాత్రం కంట్రోలర్ రిజిస్టర్లలోకి చేత్తో అంకెలు రాసే ప్రయత్నం చేయవద్దు. ఫ్యాన్ వేగం, ఛార్జింగ్, కీబోర్డు అన్నీ ఆ ఒక్క చిప్ చేతిలో ఉంటాయి. ఒక నమూనాలో ఛార్జింగ్ హద్దు ఉన్న చోటే ఇంకో నమూనాలో ఫ్యాన్‌కు సంబంధించినది ఉండవచ్చు.

ఉప్పుగాలి గురించి రిపేరు అన్నే చెప్పాలి.

ట్రంకురోడ్డు_రిపేరు | నెల్లూరు

చెరువుల దగ్గరి నుంచి వచ్చే లాప్‌టాప్‌లలో బ్యాటరీ కనెక్టర్ పిన్నులు పచ్చబడి ఉంటాయి. సమాచారం పోయే పిన్ను సరిగా తగలకపోతే అంకెలు వస్తూ పోతూ ఉంటాయి. గాలి ఆడే చోట, నేరుగా చెరువు గాలి తగలకుండా పెట్టండి. ఏడాదికొకసారి విప్పి పిన్నులు శుభ్రం చేయిస్తే చాలు.

కందుకూరు_కుర్రవాడు | ఒంగోలు

ఆదివారం నెల్లూరు వెళ్లి వచ్చాను. రిపేరు అన్న ప్యాక్ విప్పారు. ఆయన చెప్పినట్టే థర్మిస్టర్ లేదు. బోర్డు మీద రెండు తీగల చివర రెసిస్టర్, దాని మీద పసుపు టేపు. ఫ్యూజు చోట తగరమే. ఒక సెల్ పక్కల చేయి వేస్తే కొద్దిగా ఉబ్బు తెలుస్తోంది. మూడు సెల్స్ వోల్టేజీలు కొలిస్తే అదే మిగతా రెండిటికంటే బాగా తక్కువ ఉంది.

అమ్మకు ఫొటోలు చూపించాను. ఇన్నాళ్లూ మంచం పక్కనే పెట్టుకుని పడుకున్నామా అంది.

అసలు కంపెనీ ప్యాక్ కోసం డబ్బు కూడబెడుతున్నాను. అంతవరకు ప్యాక్ తీసేసి ప్లగ్ మీదే నడుపుతున్నాను. ఈలోగా డ్రైవర్ పని ముందుకు నడిపే మార్గం ఏదైనా ఉందా అక్కా?

మాగుంట_మాడ్యూల్ | నెల్లూరు

ఉంది, అసలు మొదటి నుంచీ అలాగే చేయాలి. కెర్నల్‌లో ఐటూసీ-స్టబ్ అనే మాడ్యూల్ ఉంది. అది మెమరీలో ఒక ఉత్తుత్తి చిప్‌ను సృష్టిస్తుంది. 11వ చిరునామాతో దాన్ని ఎక్కించి, నువ్వు పోస్టు చేసిన అంకెలనే రిజిస్టర్లలో నింపు. ఇప్పటికే కెర్నల్‌లో ఉన్న ఎస్‌బీఎస్ (స్మార్ట్ బ్యాటరీ ప్రమాణం) బ్యాటరీ డ్రైవర్‌ను దాని మీద నడిపి చూడు. నీకు కొత్త డ్రైవర్ అవసరమే లేకపోవచ్చు, డివైస్ ట్రీలో నాలుగు పంక్తులు చాలవచ్చు. పైన తెర మీద శాతం, హెచ్చరికలు ఎలా వస్తాయో చూడటానికి టెస్ట్ పవర్ అనే ఇంకో మాడ్యూల్ ఉంది. అందులో బ్యాటరీ 3 శాతం అని నువ్వే చెప్పి, వ్యవస్థ మర్యాదగా ఆగుతుందో లేదో పరీక్షించవచ్చు. ఒక్క సెల్ కూడా అక్కర్లేదు.

ఆ ఉత్తుత్తి చిప్‌తో మంచి అంకెలే కాదు, చెడ్డవి కూడా ఇచ్చి చూడు. ఉష్ణోగ్రత 0 వస్తే? వోల్టేజి 65535 వస్తే? బ్యాటరీ లేనప్పుడు, పిన్ను తగలనప్పుడు చాలా బస్సుల్లో అన్నీ ఒకట్లే వస్తాయి, అంటే 65535. దాన్ని 65 వోల్టులని నమ్మే డ్రైవర్ ప్రమాదకరం. చదవడం విఫలమైతే లోపం అని పైకి తెలపాలి. పాత అంకెనే మళ్లీ చూపించకూడదు. కరెంటు పోయిన రాత్రి నీ బ్యాటరీ 40 శాతం దగ్గర కదలకుండా ఉండి ఆగిపోతే దాని వెనక ఇలాంటి డ్రైవరే ఉంటుంది.

నిజమైన ప్యాక్ వచ్చాక గుర్తుంచుకోవలసినది ఇంకొకటి ఉంది. 3వ రిజిస్టర్ బ్యాటరీ మోడ్. అందులో పై బిట్ సామర్థ్యం ఏ లెక్కలో చెప్పాలో నిర్ణయిస్తుంది, మిల్లీఆంపియర్ గంటలా, 10 మిల్లీవాట్ గంటల లెక్కా అని. డ్రైవర్ దాన్ని మార్చి చదువుతున్న క్షణంలోనే ఎంబెడెడ్ కంట్రోలర్ కూడా అదే ప్యాక్‌ను చదివితే కంట్రోలర్‌కు అంకె వేరే లెక్కలో అందుతుంది. ఒకే బస్సు మీద ఇద్దరు యజమానులుంటే ఇదే తంటా. కాబట్టి చదివాక మోడ్‌ను ఉన్నట్టే తిరిగి పెట్టాలి, వీలైతే అసలు మార్చకూడదు. మిల్లీఆంపియర్ గంటలే తీసుకుని సరిపెట్టుకో. క్షణానికి పదిసార్లు చదవకు, కొన్ని సెకన్లకొకసారి చాలు.

చీమకుర్తి_రాయి | చీమకుర్తి

ల్యాబ్‌లో సర్దుబాటు చేసుకునే పవర్ సప్లై ఉంటే, సెల్స్ బదులు దాన్నే 11 వోల్టులకు పెట్టి బ్యాటరీ చోట కలపవచ్చు కదా? అంటుకునేది ఏదీ ఉండదు.

మాగుంట_మాడ్యూల్ | నెల్లూరు

డిస్‌ఛార్జ్ పరీక్షకు పనికొస్తుంది. ఛార్జింగ్ పరీక్షకు నేరుగా పనికిరాదు. మామూలు పవర్ సప్లై కరెంటు ఇవ్వగలదు గానీ పుచ్చుకోలేదు. ఛార్జర్ తోయడం మొదలుపెడితే ఆ కరెంటుకు పోయే దారి లేక వోల్టేజి పైకి లేస్తుంది, సప్లై గానీ బోర్డు గానీ దెబ్బ తినవచ్చు. సప్లైకి సమాంతరంగా తగిన వాటేజి రెసిస్టర్ పెట్టి, ఛార్జర్ తోసే కరెంటు కంటే ఎక్కువ అందులో పోయేలా చూస్తే కుదురుతుంది. ఆ రెసిస్టర్ బాగా కాలుతుంది, చేయి తగలనివ్వకండి.

రసాయనం_మాస్టారు | కావలి

కొత్త ప్యాక్ వచ్చాక పరీక్షల గురించి. అసలు ప్యాక్ అయినా మంచం మీద, పరుపు మీద పెట్టి ఛార్జ్ చేయవద్దు. గచ్చు నేల మీద, చుట్టూ కాగితాలు, గుడ్డలు లేకుండా, తలుపు దగ్గర పెట్టుకో. వేరే డ్రైవర్ ఎక్కించిన మొదటి ఛార్జింగ్ పూర్తయ్యేదాకా మనిషి అక్కడే ఉండాలి.

సిసలు ప్రమాదం వస్తే ముందు సన్నగా తీపి వాసన, బుస్సుమనే శబ్దం, పొగ వస్తాయి. గోడ దగ్గర స్విచ్ ఆపు. పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉండవచ్చు, పీల్చకుండా అమ్మను తీసుకుని బయటికి వచ్చేయి, 101కి ఫోన్ చేయి. లిథియం అంటే నీళ్లు పోయకూడదని చాలామంది అనుకుంటారు. ఈ సెల్స్‌లో ఉండేది లిథియం లోహపు ముద్ద కాదు. ప్లగ్ తీసేసి ఉంటే, దూరం నుంచి పోయగలిగితే, ధారాళంగా నీళ్లు పోయడమే మంచిది, ఎందుకంటే పక్క సెల్స్‌ను చల్లబరచాలి. అక్కడ నిలబడి పోయలేని స్థితి అయితే పోయవద్దు, లాప్‌టాప్ పోతే పోనీ.

కందుకూరు_కుర్రవాడు | ఒంగోలు

అసలు ప్యాక్ వచ్చింది. స్టబ్ మీద అన్ని చెడ్డ అంకెలూ పరీక్షించాకే తగిలించాను. ఛార్జర్‌ను బయటి చిప్ నడుపుతోందన్న గుణం డివైస్ ట్రీలో ఉంది, వోల్టేజి గుణాలు లేవు. కెర్నల్‌లో ఉన్న డ్రైవరే సరిపోయింది అక్కా, మీరన్నట్టే.

ఉష్ణోగ్రత ఉదయం 3042 చూపించింది, ఛార్జింగ్‌లో పెట్టాక మెల్లగా 3091 దాకా వెళ్లింది, అంటే దాదాపు 36 డిగ్రీలు. అంకె కదులుతుంటే చూడటం ఎంత బాగుందో. అమ్మ కూడా వచ్చి చూసింది.

ట్రంకురోడ్డు_రిపేరు | నెల్లూరు

సంతోషం తమ్ముడూ. నాకొక సందేహం ఉంది మేడమ్. గంటల తరబడి ఛార్జ్ అవుతున్నా ఉష్ణోగ్రత ఒక్క అంకె దగ్గరే ఉంటే, డ్రైవరే గుర్తుపట్టి ఛార్జింగ్ ఆపేసేలా రాయకూడదా? నా దుకాణానికి వచ్చే నకిలీ ప్యాక్‌లలో సగం అలాగే పట్టుబడతాయి.

మాగుంట_మాడ్యూల్ | నెల్లూరు

కెర్నల్ డ్రైవర్‌లో వద్దన్నా. కొలిచింది కొలిచినట్టు చెప్పడం దాని పని. ఏసీ గదిలో మంచి ప్యాక్ కూడా చాలాసేపు 25 దగ్గర నిలబడవచ్చు. దాన్ని నకిలీ అని ఛార్జింగ్ ఆపేస్తే ఆసుపత్రిలోనో పరీక్ష హాలులోనో ఒకరి యంత్రం ఆగిపోతుంది. పైన నడిచే చిన్న కార్యక్రమంలో హెచ్చరికగా పెట్టడం సరైన చోటు.

రసాయనం_మాస్టారు | కావలి

నేను పూర్తిగా ఒప్పుకోలేనమ్మా. హెచ్చరిక చూసేవాడు నిద్రపోతుంటే? కనీసం ఛార్జింగ్ హద్దును 60 శాతానికి దించే ఏర్పాటైనా ఉండాలి. మదర్‌బోర్డు మీద వేరే ఉష్ణోగ్రత సెన్సర్లు ఉన్నాయి కదా. అవి 45 చూపుతుంటే ప్యాక్ కదలకుండా 25 అంటే ఏసీ గది వాదన నిలబడదు.

మాగుంట_మాడ్యూల్ | నెల్లూరు

రెండు సెన్సర్లను పోల్చడం మంచి ఆలోచన మాస్టారూ, అది నాకు తట్టలేదు. హద్దు దించే మద్దతు ఉన్న యంత్రాల్లో అదీ చేయవచ్చు. అయినా అది కెర్నల్ బయటే ఉండాలని నా పట్టుదల.

కందుకూరు_కుర్రవాడు | ఒంగోలు

నేను రాస్తాను. బోర్డు సెన్సర్ 40 దాటి, ఛార్జింగ్ కరెంటు పోతూ, ప్యాక్ ఉష్ణోగ్రత అరగంట పాటు ఒక్క అంకె కూడా కదలకపోతే తెర మీద హెచ్చరిక, శబ్దం, హద్దు ఫైలు ఉన్న యంత్రంలో 60 శాతానికి దింపడం. అన్నా, మీ దగ్గర పక్కన పెట్టిన నకిలీ ప్యాక్‌ల బోర్డులు, సెల్స్ తీసేసినవి ఉంటే ఒకటి రెండు ఇస్తారా? వాటి గేజ్‌లు ఎలాంటి అంకెలు ఇస్తాయో చదివి స్టబ్‌లో నింపుకుంటాను.

ట్రంకురోడ్డు_రిపేరు | నెల్లూరు

సెల్స్ కోసేసిన బోర్డులు ఒక డబ్బా నిండా ఉన్నాయి. అయితే సెల్స్ లేకపోతే గేజ్‌కు కరెంటు ఉండదు, పవర్ సప్లై ఇచ్చి లేపాలి. మీ కాలేజీ ల్యాబ్‌లో సప్లై ఉంటే ఎవరైనా మాస్టారు పక్కన ఉండగా చేయి. వచ్చే ఆదివారం రా, ఏ బోర్డు ఏ ప్యాక్‌లోదో చీటీ రాసి ఇస్తాను.